గుండ్లకమ్మలో మునగనివాళ్లు

సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీద నడుస్తుంటే బాప్తిస్మం ఆలోచన వదలడం లేదు. మా ఇంటివాళ్లు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం). పసిబిడ్డ నుదుట నీళ్లు చిలకరిస్తే చాలంటారు. మేనమామలు బాప్టిస్టులు; తెలిసి నమ్మి, నిండా మునగాల్సిందేనంటారు. ఎన్ని నీళ్లన్న తగవు ఎప్పటికీ తెగదు గానీ, అసలు నీళ్లు లేకపోతే రక్షణే లేదా?

ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది గుండ్లకమ్మ. ధాత కరువు రోజుల్లో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని చూపించి వేలమందిని బతికించాడు. బాప్తిస్మం మాత్రం ఆపేశాడు. తిండి కోసం మతంలోకి వస్తున్నారేమోనని ఆయన జంకు. చివరికి 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. బోధకులు వంతులేసుకుని, ఇద్దరిద్దరుగా ఏట్లో నిలబడి ఒక్కొక్కరినీ ముంచి లేపారు.

మరి బాప్తిస్మం ఆపిన ఆ రోజుల్లోనే, నమ్మి కూడా మునగకుండా కరువుకు పోయినవాళ్లుంటే? నీళ్లే రక్షిస్తాయని నమ్మినవాడైతే క్లౌ ఒక్కపూట కూడా ఆగేవాడు కాదు.

కృష్ణా జిల్లాకు చెందిన కలగర సుబ్బారావు ఇంకో కొసకు వెళ్లారు. 1942లో తనకు క్రీస్తు దర్శనమైందన్నారు, ఆయన మీద పాటలు కట్టారు, బాప్తిస్మం మాత్రం వద్దే వద్దన్నారు. అంత దూరం నేను రాలేను. యేసు పక్కన సిలువ మీద పరదైసు మాట పొందిన దొంగకు నీళ్లు అందలేదు, నిజమే. అందినవాళ్లు తప్పించుకోడానికి అది సాకు కాదు. బాప్తిస్మం విశ్వాసి చెయ్యవలసిన పనే. రక్షణకు షరతు మాత్రం కాదు.