వైకీకీ పగడపు తొట్లు – కానేయోహే నాచు

హవాయి దీవులలో ఓవాహు అను దీవి యొకటి. హొనొలూలూ పట్టణము దానియందే కలదు. ఆ పట్టణమున వైకీకీ యను సముద్రతీర మున్నది. అచ్చట పెద్ద పెద్ద హోటళ్ల వరుస ముగిసిన పిదప చెట్లనీడ గల యొక విశాలమైన తోటయు, దాని కెదురుగా సముద్రము నానుకొని యొక చిన్న కట్టడమును కానవచ్చును. అదియే వైకీకీ జలచరశాల. 1904వ సంవత్సరమున స్థాపింపబడి, 1919లో విశ్వవిద్యాలయమువారి చేతికి వచ్చినది. ఇప్పటి కట్టడము 1955 నాటిది. మా మరిది యుద్యోగరీత్యా హొనొలూలూలో కాపుర ముండుటచే, బడికి వేసవి సెలవు లిచ్చిన తోడనే మే మచ్చటికి పోయి మూడు వారము లుంటిమి. చూచిన వింతలన్నియు వ్రాయబూనిన నీ పత్రిక చాలదు. అందుచే నొక్క సంగతిని మాత్రమే సోదరీమణుల కెఱిగింప దలచితిమి. అది నాచును గూర్చినది. నాచునకేమి వ్రాతయని కొందఱు నవ్వవచ్చును గాని, నూతిగట్టున కాలుజారి పడినవారు మాత్రము నవ్వరు.

ఆ శాలలోని పగడపు తొట్లను చూచి మేము చాలసేపు కదలలేకపోయితిమి. మనము మెడలో ధరించు పగడము ఱాయివంటిది. ఇచ్చటివి ప్రాణముతో నున్నవి. కొన్ని జింకకొమ్ములవలె, కొన్ని పుట్టగొడుగులవలె, కొన్ని మడతలువడిన పట్టుబట్టవలె నున్నవి. ఒక్కొక్క కొమ్మయు వేలకొలది చిన్న జీవుల కాపురము. ఆ జీవుల దేహములలో కంటికి కానరాని సన్నని నాచు నివసించి, సూర్యరశ్మితో నాహారము సిద్ధముచేసి వానికి పెట్టుచుండును. కావున పగడమునకు వెలుతురు కావలెను. వెలుతురు పడినచోట పిలువని చుట్టమువలె వేఱు నాచులును వచ్చును. క్రొత్తగా నమర్చిన తొట్టిలో మొదట గాజుపైనను ఇసుకపైనను గోధుమవన్నె పొడి, తరువాత ఱాళ్లపై పచ్చని జుట్టు, ఒకప్పుడు ఎఱ్ఱని జిగురుపొర, మఱియొకప్పుడు బఠాణీగింజలవంటి పచ్చని బుడగలు పుట్టును. అవి పగడమునకు వెలుతురు రానీయక, పైకి ప్రాకి, ఊపిరాడనీయక చంపివేయును. మందుపోసి నాచును చంపుద మనిన, పగడమును పోషించునదియు నాచే గదా!

ఆ శాలలో జీతము గొనక సందర్శకులకు విషయములు వివరించు వృద్ధురా లొకతె యుండెను. ఇండ్లలో ఉప్పునీటి తొట్లు పెట్టుకొనువారు నాచును తోముట తెలియుదురుగాని, దానికి కూడు పెట్టుట మానుట తెలియరని యామె చెప్పెను. చేపలకు ముద్దుచేసి వేయు తిండిలో మిగిలినది క్రుళ్లి నైట్రేటు, ఫాస్ఫేటు అను లవణములగును. నాచునకు నవియే పాయసము. తొట్టిలోని నీరు ఆవిరియై పోవును గాని యుప్పు పోదు. ఆ లోటును పూడ్చుటకు పోయవలసినది మంచినీరే. కొళాయినీటిలో ఫాస్ఫేటు కలిసియున్న నదియు నాచునకే చేరును. అందుచే నార్వో యంత్రమున శుభ్రపఱచిన నీటినే పోయుదురు. బెల్లపు పాకముపై తేలిన మురికిని మనము గరిటెతో తీసివేయునట్లు, నీటిలోనికి సన్నని గాలిబుడగల నూది, నురుగుతో మలినమును పైకి తెచ్చి పాఱబోయు యంత్ర మొకటి కలదు. జుట్టునాచును చేతితో పెఱికినప్పుడు గొట్టముతో నీటితోగూడ బయటికి లాగివేయవలెను. తునుక యొక్కటి మిగిలినను మరల మొలచును, రక్తబీజుని కథయే. కొందఱు తొట్టి క్రింద మఱియొక చిన్న తొట్టి నుంచి, అందు వేఱుజాతి నాచును దీపపు వెలుతురున పెంచి, నెలకొకమాఱు కోసి పాఱవేయుదురట. నీటిలోని లవణము నా నాచు తినివేయును గనుక పైతొట్టిలోనిది పస్తుండును. ఇది విని మా తోడికోడలు, “అక్కయ్యా! చీమలు వంటింటిలోనికి రాకుండ గడపకడనే నూక చల్లినట్లున్న దిది” అనెను.

అయిన నచ్చటి వింత వేఱొకటి కలదు. ఆ శాలవారు వాడు నీరు ఉప్పునీటి బావిలోనిది. పగడపుదిబ్బలపై నుండు సముద్రజలముకంటె నందు నైట్రేటును ఫాస్ఫేటును హెచ్చు. పైలెక్కను బట్టి యా తొట్లన్నియు నాచుతో నిండిపోవలెను. అట్లుగాక యా నీటియందే 57 జాతుల పగడములు పెరిగినవని 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇదేమని యడుగగా నా వృద్ధురాలు వ్రేలితో నొక పసుపుపచ్చని చేపను చూపినది. అరచేయంత చేప. మేము నిలిచియున్నంతసేపును అది ఱాతిని మూతితో గీకుచునే యుండెను. నత్తలును నదే పనిలో నుండెను. కూడు మిగులకుండ చూచుట ఒక యెత్తు. తినువారిని నిలుపుకొనుట మఱియొక యెత్తు. సముద్రమునందును నింతే. 1983లో కరీబియను సముద్రమున తెగులు పుట్టి నల్లని పొడుగుముండ్ల జంతువులు పదింట తొమ్మిదికి పైగా చచ్చెను. నాచును తిను చేపలను బెస్త లదివఱకే పట్టివేసియుండుటచే, జమైకాలో పగడపుదిబ్బలు నాచుదిబ్బలైనవి.

మఱునాడు కొండలు దాటి కానేయోహే యను సముద్రపుశాఖకు పోయితిమి. పచ్చని కొండలు గోడలవలె నిలువుగా నుండును, నీరు నిశ్చలము. ఇంటి తొట్టిలో జరుగు కథ యంతయు నచ్చట తొట్టి లేకుండ జరిగినది. ఆ యూరి మురికినీరు 1977-78 వఱకు నా సముద్రములోనే కలియుచుండగా పచ్చని బుడగనాచు దిబ్బలను క్రమ్మినది. మురికినీటిని లోతుసముద్రమునకు మఱల్చిరి. అటుపిమ్మట చాల తగ్గెను గాని పోలేదు. 2006 మార్చిలో దినముల తరబడి మబ్బుపట్టి వానలు కురియగా, వెలుతురు చాలక యా నాచు చాలమట్టునకు నశించెను. తొట్టి దీప మార్పిన ఫలము దైవికముగా కలిగినది.

ఇంతలో రెండవ నాచు వచ్చినది. 1974లో విశ్వవిద్యాలయమువారు పరిశోధనకై కప్పాఫైకస్ అను సముద్రపు నాచును తెచ్చి, ఆ నీటిలోని చిన్న దీవి చుట్టును నాటిరి. ఐసుక్రీములోను పండ్లపేస్టులోను చిక్కదనమునకు వేయు పదార్థము దానినుండియే వచ్చును. లోతు కాలువలు దాటి పోలేదని మొదట తలచిరి. అది తునుకలై కొట్టుకొనిపోయి, మైళ్ల దూరమున పగడములను కప్పివేసెను.

ఆ పేరు వినగానే మాకు రామేశ్వరయాత్ర జ్ఞప్తికి వచ్చెను. పాంబను చెంత తీరమున స్త్రీలు మొలలోతు నీటిలో నిలిచి, వెదురుతెప్పలకు కట్టిన త్రాళ్లకు ఈ నాచు ముక్కలనే ముడివేయుచుండిరి. నలువదియైదు దినములకు పంట చేతికి వచ్చును. ఆ సొమ్ముతో బిడ్డల చదువు సాగుచున్నదని యొకతె మాతో చెప్పినది. అచ్చటి మన్నారు సింధుశాఖలో కురుసడై దీవి పగడములపై నిదే నాచు ప్రాకినదని 2008లో శాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. నాచు పోవలెనని వ్రాయుట మాకు సులభమే. ఆ తల్లుల కాలు చేతు లుప్పునీటిలో నానుచున్నవి. ఈ నాచు సాగునకు తమిళనాడు ప్రభుత్వము 2005లో హద్దు పెట్టుట మాకు న్యాయముగనే తోచినది. ఆ హద్దును కాపాడు భారమంతయు తెప్పలు కట్టు పేదస్త్రీలపైననే వేయుట మాత్రము న్యాయము కాదు.

కానేయోహేలో పడవపై పంపునుంచి, మునుగువారు క్రిందనుండి నాచును గొట్టమున కందింపగా పైకి లాగిరి. చిక్కిన చిన్న జీవులను వేఱుచేసి మరల నీటిలో విడిచి, నాచును చేమదుంపల రైతుల కెరువుగా నిచ్చిరి. ఒక్క లాగుటతో తీరలేదు. తునుకలు మరల మొలచెను. అందుచే ముండ్లబంతివంటి సముద్రజంతువును, ఆ దీవులదే యైన జాతిని, ప్రభుత్వమువారు తొట్లలో పిల్లలుచేయించి, రేగుపండంత కాగానే 2011 మొదలు దిబ్బలపై విడిచిరి. లాగుటయు తినుటయు కలిసినచోట రెండేండ్లలో నాచు నూటి కెనుబదియైదు పాళ్లు తగ్గినదని 2018లో ప్రకటించిరి.

మా పడవవాడు లోతు తక్కువైన చోట నిలిపి వానిని చూపెను. నెత్తిపై గవ్వముక్కలు, ఆకులు మోయుచు నాలుగైదు ముండ్లబంతులు ఱాతి నంటియుండెను. మా తోడికోడలి కుమార్తె, “పెద్దమ్మా! ఇవి టోపీలు పెట్టుకొన్నవి” అని కేక వేసినది. గంటకు పైగా తిరిగి మేము మరల నా త్రోవనే వచ్చితిమి. అవి జానెడు మేర కదలెనో లేదో. వాని వెనుక ఱాయి మాత్రము తోమిన పీటవలె తెల్లగా నుండెను.