శ్రీవారు ఒప్పుకోని స్క్రీన్‌ప్లే

సినిమా కబుర్లు లేని ఇల్లు మన దగ్గర ఉంటుందా? మావారైతే పక్కా అభిమాని. ఏ సినిమా ఏ ఊళ్ళో ఎన్ని రోజులాడిందో నిద్దట్లో లేపి అడిగినా చెప్పేస్తారు. కాకపోతే ఆయనకి సినిమా చూసే పెళ్ళాం కావాలిగానీ, రాసే పెళ్ళాం వద్దు!

"కథలు రాసుకో, పత్రికలకి పంపుకో. ఎవరొద్దన్నారు? ఆ సినిమా ఆఫీసుల చుట్టూ తిరగడం ఎందుకూ?" అంటారు.

పైకి న్యాయంగానే ఉంది కదూ! కిటుకంతా అక్కడే ఉంది. నవల వంటింట్లో కూర్చుని రాయొచ్చు. యద్దనపూడి సులోచనారాణిగారి నవల 'మీనా'ని విజయనిర్మలగారు 1973లో సినిమాగా తీశారు. నవలైతే పంపించేసి ఊరుకోవచ్చు. స్క్రీన్‌ప్లేకి అలా కుదరదు. 70 సీన్లు రాసిపెట్టినా, దర్శకుడి ఎదుట కూర్చుని చెప్పాలి. హీరో కోసం ఒక సీను, బడ్జెట్ కోసం ఇంకో సీను మార్చాలి. ఇంటర్వెల్ ఎక్కడ పడాలో పదిమంది పదిరకాలుగా చెబుతుంటే వినాలి. ఆ చర్చల్లో లేనివాళ్ళ పేరు తెర మీద మిగలడం కష్టం. అంటే, "ఇంట్లోనే రాసుకో" అన్న మాటకి అసలర్థం "రాయకు" అని!

భానుమతిగారు 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం వహించారు. భర్త రామకృష్ణగారితో కలిసి నడుపుకున్న భరణీ సంస్థ ఆవిడకి అండగా ఉంది. నాకు సొంత సంస్థా లేదు, వెన్నుతట్టే మొగుడూ లేడు. మరి మానేయడమేనా?

నేను మానలేదు. అలాగని పెట్టె సర్దుకుని పుట్టింటికీ పోలేదు. పాత్రల స్వభావం రాసుకున్నట్టే ఆయన భయాలు కాగితం మీద రాసుకున్నాను. రాత్రిపూట సిట్టింగులు. డబ్బు ఎగ్గొడతారేమోనని. నలుగురూ ఏమనుకుంటారోనని. మొదటి రెండింటికీ నా దగ్గర మందుంది. మూడోదానికి లేదు, వెతకనూ లేదు.

పగలు 11 నుంచి 4 వరకే వస్తానన్నాను. ఒక ఆఫీసువారు "అయితే కష్టమమ్మా" అని పంపించేశారు. ఇంకొకరు సరేనన్నారు. ట్యూషన్ల డబ్బుతో ముంబయిలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో చేరి, స్క్రిప్టు రిజిస్టరు చేయించాకే కథ చెప్పాను. అడ్వాన్సు చేతికొచ్చాకే మార్పులు మొదలెట్టాను.

చెక్కు చూసి మావారు మారిపోయారనుకుంటున్నారా? అది సినిమాల్లో! అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లాడి ఫీజు కట్టాలి" అన్నారు.

"సగం నేను కడతానండీ" అన్నాను. అంతే.

సిట్టింగు ఉన్నరోజు ఇప్పటికీ మా ఇంట్లో మాటలుండవు. పప్పులో ఉప్పెక్కువైతే ఆ నేరం స్క్రీన్‌ప్లేదే! బాధ లేదా అంటే, ఉంది. సీను బాగుందని నలుగురూ మెచ్చుకున్న రోజు ఇంటికొచ్చి చెప్పుకోడానికి మనిషి లేకపోవడం చిన్న లోటు కాదు.

కలం పట్టాలనుకునే చెల్లెళ్ళకీ, తమ్ముళ్ళకీ ఒక్కమాట. మెచ్చుకోలు వేరు, వీలు వేరు. ఇంట్లోవాళ్ళ మెచ్చుకోలు కోసం ఆగితే మొదటి సీను కూడా పూర్తికాదు. వీలు మాత్రం అడగండి. ఇవ్వకపోతే కల్పించుకోండి.

నా సినిమా ఇంకా షూటింగు దాకా రాలేదు. వస్తే మాత్రం రెండు టిక్కెట్లు తీస్తాను. పక్కసీట్లో మావారు కూర్చుంటారో లేదో తెలీదుగానీ, టైటిల్స్‌లో నా పేరు పడేదాకా నేను మాత్రం కన్నార్పను!