కౌంటర్ దగ్గర చెప్పిన మాట

కార్డు వాళ్ల మీద కోపం పెద్ద మొత్తాల దగ్గరే వస్తుందని బయటివాళ్లు అనుకుంటారు. మా ఫ్లోర్ మీద చూసేది వేరు. రెండు లక్షలు బాకీ పడ్డ మనిషి ఫోన్ చేస్తే గొంతు తగ్గించి మాట్లాడతాడు, వాయిదాలు అడుగుతాడు. 588 రూపాయల 82 పైసలు పడ్డ మనిషి మాత్రం గట్టిగా అరుస్తాడు. ఆ అంకె మా అందరికీ కంఠతా వచ్చు. 499 రూపాయల వార్షిక రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ. అవతలి నుంచి వచ్చే మొదటి మాట కూడా మాకు కంఠతా వచ్చు: "ఫ్రీ అని చెప్పారండీ."

ఎవరు చెప్పారని అడిగితే, "షాపులో."

నేను హైదరాబాదులో ఒక బ్యాంకు క్రెడిట్ కార్డుల విభాగంలో పనిచేస్తాను. మొదట్లో ఫోన్లు ఎత్తేవాణ్ణి, తర్వాత ఫిర్యాదుల సెల్‌కి మారాను. నా వాటాకు వచ్చినవి ఎక్కువగా ఒక బట్టల షోరూముల సంస్థతో కలిసి మా బ్యాంకు ఇచ్చే కార్డు ఫిర్యాదులు. కో-బ్రాండ్ కార్డు అంటాం. మీ పర్సులోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఆన్‌లైన్ అంగళ్ల పేరుతో, పెట్రోలు కంపెనీల పేరుతో, విమానాల పేరుతో, సూపర్ మార్కెట్ల పేరుతో ఇవి వస్తున్నాయి. అమెజాన్ పే పేరుతో ఐసీఐసీఐ 2018లో, ఫ్లిప్‌కార్ట్ పేరుతో యాక్సిస్ 2019లో మొదలుపెట్టాక మధ్యతరగతి ఇళ్లలో ఈ రకం కార్డు మామూలు వస్తువైపోయింది.

మా నాన్నగారి కాలంలో కిరాణా కొట్టులో ఖాతా ఉండేది. సరుకు ఇచ్చినవాడూ, అప్పు పెట్టినవాడూ, పుస్తకంలో రాసినవాడూ ఒక్కడే. లెక్కలో తేడా వస్తే ఆయన గల్లాపెట్టె ముందు నిలబడి తేల్చుకునేవాళ్లు. ఈ కార్డులో ఆ ఒక్క మనిషి ముగ్గురయ్యాడు. చీర అమ్మింది షాపు. అప్పు ఇచ్చింది బ్యాంకు. కార్డు అంటగట్టింది బిల్లింగ్ కౌంటర్ పక్కన టీషర్టు వేసుకుని నిలబడ్డ ప్రమోటర్. ఆ కుర్రాడు షాపు మనిషీ కాదు, బ్యాంకు మనిషీ కాదు. ఏదో ఏజెన్సీ జీతగాడు, కార్డుకింత అని ఇన్సెంటివ్. ఆషాఢం సేల్‌లో క్యూ పొడుగ్గా ఉంటుంది, చేతిలో బుట్ట బరువుగా ఉంటుంది, "మేడమ్, మన కార్డు తీసుకుంటే ఈ బిల్లు మీదే పది శాతం తగ్గుతుంది, లైఫ్‌టైమ్ ఫ్రీ" అంటాడు. ఆధార్, పాన్, ఓటీపీ, అయిపోయింది.

ఆషాఢంలో అమ్మిన కార్డుకు మరుసటి ఏడాది శ్రావణం నుంచి ఫోన్లు మొదలవుతాయి.

ఆ కుర్రాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు అబద్ధం కాదు. సాధారణంగా షరతు ఇలా ఉంటుంది: మొదటి ఏడాది రుసుము లేదు, ఆ ఏడాదిలో ఇన్ని వేలు ఖర్చు పెడితే రెండో ఏడాదికీ లేదు. దాన్ని అతను ఒక్క మాటకు కుదించాడు. ఆ మాటకు రికార్డు లేదు. మాతో మాట్లాడితే మాత్రం ప్రతి అక్షరం రికార్డవుతుంది, నాణ్యత కోసమని ముందే చెబుతాం కూడా. కస్టమర్ తన మాట నిరూపించుకోలేడు, మేం మా కాగితం చూపిస్తాం. ఆ కాగితం పేరు ఎంఐటీసీ, అంటే అతి ముఖ్యమైన నిబంధనలు. కార్డుతో పాటు కవరులో వచ్చే ఆ చిన్న అక్షరాల పుస్తకాన్ని చదివానన్న కస్టమర్ నాకు ఇంతవరకు తగల్లేదు. నిజం చెప్పాలంటే మా ఫ్లోర్ మీదా చాలామంది ట్రైనింగ్‌లో తప్ప చదవరు.

ఇక పాయింట్లు. ఇక్కడ జనానికి తెలియని సంగతి, షాపు పాయింట్లు వేరు, కార్డు పాయింట్లు వేరు. ఫోన్ నంబర్ చెప్పగానే బిల్లులో జమయ్యేవి షాపువి. కార్డు గీకితే వచ్చేవి బ్యాంకువి. రెండింటికీ గడువులు వేరు, విలువ వేరు. కార్డు పాయింట్లు ఓచరుగా మార్చుకుంటే, ఆ ఓచరు సేల్ సరుకు మీద చెల్లదంటారు. రెండు ఓచర్లు ఒక బిల్లులో కలపకూడదంటారు. వెయ్యి రూపాయల ఓచరుతో తొమ్మిది వందల సరుకు కొంటే మిగిలిన వంద రాదు. పెట్రోలుకు, ఇంటి అద్దెకు, వాలెట్‌లో వేసుకున్న డబ్బుకు చాలా కార్డుల్లో పాయింట్లే ఉండవు. దసరా ముందు ఓచరు పట్టుకుని పిల్లలతో సహా షోరూముకు వెళ్లిన మనిషికి కౌంటర్ దగ్గర ఈ సంగతి తెలిస్తే ఎలా ఉంటుంది? షాపువాళ్లు "బ్యాంకుకు ఫోన్ చేయండి" అంటారు. మాకు చేస్తే "ఓచరు షరతులు షాపువి" అంటాం. రెండూ నిజాలే. ఇద్దరం కలిసి ఒక మనిషిని గుమ్మం మీద నిలబెట్టామన్నదీ నిజమే.

ఈ తిప్పటంలో కొంత భాగం చట్టం వల్ల వచ్చింది. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో కార్డుల మీద మాస్టర్ డైరెక్షన్ ఇచ్చింది, ఆ ఏడాది జులై నుంచి అమలు. దాని ప్రకారం షాపు పని కార్డును ప్రచారం చేయడం, పంపిణీ చేయడం, తన సరుకు అందించడం వరకే. కార్డు మీద జరిగిన లావాదేవీల సమాచారం షాపు చూడకూడదు. కార్డును తన సొంత సరుకన్నట్టు ప్రచారం చేసుకోకూడదు కూడా, కార్డు ఇచ్చే బ్యాంకు పేరు ప్రకటనలో స్పష్టంగా కనిపించాలి. మీ ఖర్చుల చిట్టా బట్టల కొట్టువాడి చేతిలో పడకుండా ఆపిన మంచి నియమం ఇది. కానీ షోరూము హెల్ప్ డెస్క్ దగ్గర "మా సిస్టమ్‌లో కనపడదు సార్" అన్న జవాబు విన్నవాడికి అది సాకులాగే వినిపిస్తుంది.

వడ్డీ గురించి కరీంనగర్ నుంచి ఒక టీచరమ్మ చేసిన ఫోన్ చెప్పాలి. ఏప్రిల్ 5న ఇరవై వేలకు పెళ్లి బట్టలు కొన్నారు. 30న బిల్లు. మే 20 గడువు. ఆ రోజే 19,000 కట్టారు, వెయ్యి తర్వాత కడదామనుకున్నారు. మరుసటి బిల్లులో వడ్డీ వెయ్యి పైచిలుకు.

"సార్, నేను లెక్కల టీచర్‌ని. వెయ్యి రూపాయల బాకీకి వెయ్యి ముప్పై అయిదు మిత్తి ఏ లెక్కల పుస్తకంల ఉన్నది?"

మా స్క్రిప్టులో దీనికి జవాబు, "నిబంధనల ప్రకారం వడ్డీ విధించబడింది మేడమ్." ఆ వాక్యం చదివితే ఆవిడ ఇంకో అరగంట తిట్టేవారు, తిట్టాల్సిందే. అందుకని కాగితం, పెన్ను తీసుకోమన్నాను. నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. బిల్లు మొత్తం గడువులోగా కడితేనే వడ్డీ లేని రోజులు వర్తిస్తాయి. ఒక్క రూపాయి మిగిలినా ఆ సౌకర్యం పోతుంది, వడ్డీ కొన్న తేదీ నుంచి మొదలవుతుంది, మిగిలిన వెయ్యి మీద కాదు, ఇరవై వేల మీద. ఇరవై వేలకు ఏడాదికి 8,400, రోజుకు 23 రూపాయలు. ఏప్రిల్ 5 నుంచి మే 20 దాకా 45 రోజులు. ఆవిడే గుణించారు. 1,035. దాని మీద జీఎస్టీ 186. ఆ వెయ్యి తీరేదాకా కొత్తగా కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లెక్క కరెక్టే ఉన్నది సార్. గని కార్డు ఇచ్చేటప్పుడు ఇది ఎవ్వలన్న చెప్పిండ్రా?" అన్నారు.

ఎవరూ చెప్పరు. బిల్లు మీద 'మినిమం డ్యూ' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. మినిమం మాత్రమే కడుతూ పోతే బాకీ నెలలూ సంవత్సరాలూ సాగుతుందని హెచ్చరిక వేయాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది, వేస్తున్నాం. అయితే హెచ్చరిక అప్పు చేశాక వచ్చే బిల్లు మీద ఉంటుంది, పది శాతం తగ్గింపు బోర్డు కౌంటర్ మీద ఉంటుంది. వడ్డీ పరిమితి కోర్టులు చూసుకుంటాయనుకునేవాళ్లూ ఉన్నారు. ఏడాదికి 30 శాతం మించకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇప్పుడు ఆ ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఈఎంఐ గొడవలు ఇంకో రకం. పట్టుచీర ఈఎంఐలో కొంటారు, రంగు నచ్చక వారంలో తిరిగిచ్చేస్తారు. షోరూము డబ్బు వెనక్కి వేయదు, క్రెడిట్ నోట్ రాసిస్తుంది. చీర పోయింది కాబట్టి అప్పూ పోయిందని వాళ్లు అనుకుంటారు. బ్యాంకుకు ఒక్క పైసా తిరిగి రాలేదు, ఈఎంఐ ఆగదు. షాపు నిజంగానే కార్డులోకి డబ్బు వేసినా, ఈఎంఐ రద్దు చేయమని మీరు విడిగా అడగాల్సి రావచ్చు. తిరిగిచ్చిన రోజే మాకు ఫోన్ చేస్తే అయిదు నిమిషాల పని. మూడు నెలల తర్వాత చేస్తే మూడు విభాగాల పని.

అయితే నాకు నిద్ర పట్టనివ్వని ఫిర్యాదులు ఇవేవీ కావు. మూసివేత ఫిర్యాదులు. రాజమండ్రి నుంచి ఒక చిన్న వ్యాపారి ఫోన్ చేశారు. ఇంటి లోనుకు వెళితే మేనేజర్ సిబిల్ రిపోర్టు చూపించి, ఈ కార్డు బాకీ ఏంటన్నాడట. "బాకీ మొత్తం కట్టేసి, కార్డును కత్తెరతో కోసేశానండీ! నాకు బాకీ ఏంటి?" కార్డు ముక్కలైతే ఖాతా మూతపడదు. ఆయన చివరి బిల్లు కట్టాక, బిల్లుకూ కట్టిన తేదీకీ మధ్య రోజుల వడ్డీ 14 రూపాయలు మిగిలింది. ఆ తర్వాత వార్షిక రుసుము పడింది. దాని మీద ఆలస్య రుసుము, మళ్లీ వడ్డీ. మెసేజ్‌లు పాత నంబర్‌కు పోయాయి. ఆయన పేరు మీద ఓవర్‌డ్యూ అని క్రెడిట్ సంస్థలకు చేరింది. ఆ రుసుములన్నీ రద్దు చేయించి, రికార్డు సరిచేయించే దాకా ఆయనా నేనూ దాదాపు చుట్టాలమయ్యాం.

మూసేయమని సరిగ్గా అడిగినవాళ్లకూ సుఖం లేదు. మూసివేత ఫోన్ నేరుగా మూసేవాళ్ల దగ్గరికి పోదు, రిటెన్షన్ డెస్క్‌కు పోతుంది. అక్కడి ఉద్యోగం మిమ్మల్ని వదలకుండా ఉంచడం. బోనస్ పాయింట్లు ఇస్తారు, ఏడాది రుసుము మాఫీ అంటారు, "ఒకసారి ఆలోచించుకుని మళ్లీ చేయండి" అంటారు. మళ్లీ చేస్తానన్నారంటే మీ కోరిక నమోదు కానట్టే. నియమం మాత్రం గట్టిగా ఉంది: బాకీ ఏమీ లేకపోతే, అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూసేయాలి, లేకపోతే మూసేదాకా రోజుకు 500 రూపాయలు బ్యాంకు మీకు చెల్లించాలి. ఈ నియమం పేరెత్తి మాట్లాడిన కస్టమర్‌ను రిటెన్షన్‌వాళ్లు రెండో ప్రశ్న అడగరు.

నాకు మా పద్ధతిలో నచ్చనిది ఒకటుంది. రుసుములు వెనక్కి వేసే అధికారం ఫోన్ ఎత్తేవాళ్లకు కొంతవరకు ఉంటుంది. మొదటిసారి ఆలస్యమైతే అడిగినవాళ్లకు తరచుగా తిరిగి వేస్తాం. అడగనివాళ్లకు వేయం. అంటే నోరున్నవాడు 588 రూపాయలు తెచ్చుకుంటాడు, "పోన్లే" అనుకున్న పెద్దాయన కట్టేస్తాడు. తప్పు బ్యాంకుదని మాకు తెలిసిన సందర్భాల్లో కూడా ఇలాగే జరుగుతుంది. అలాంటివి అడక్కుండానే వెనక్కి వేయాలని మీటింగుల్లో చెబుతూనే ఉంటాను.

ఈ కార్డు వద్దని నేను చెప్పను. నా దగ్గరా ఒకటుంది. బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టేవాళ్లకు, ఆ షోరూములో ఎలాగూ కొనేవాళ్లకు లాభమే. నెలాఖరుకు చేతిలో ఎంత మిగులుతుందో తెలియని ఇంటికి మాత్రం ఆ పది శాతం తగ్గింపు చాలా ఖరీదైనది.

తీసుకున్నవాళ్లకు నా మాట ఇది. కౌంటర్ దగ్గర ఫ్రీ అంటే, "అది రాసి ఉన్న చోటు చూపించు" అనండి. గొడవ వస్తే షోరూముకు కాదు, బ్యాంకుకు రాయండి, మెయిల్‌లోనే రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టుకోవచ్చు, రుసుమేమీ లేదు, వివరాలకు 14448కు ఫోన్ చేయవచ్చు. సిబిల్‌లో తప్పు పడితే సరిచేయమని రాసిన తేదీ దాచుకోండి. 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం అడిగే హక్కుంది. ఫోన్ ఎత్తిన కుర్రాళ్ల మీద అరిచినా మేం ఏమీ అనుకోం, అలవాటే. ఫిర్యాదు నంబరు చెప్పించుకుని, రాసుకుని, ఆ తర్వాతే ఫోన్ పెట్టేయండి.