సమానార్హత అనే మాట

స్త్రీల చరిత్ర గురించీ, జెండర్ గురించీ పరిశోధించడానికి బయటినుంచి ఒక విశ్వవిద్యాలయానికి వచ్చేవారిని విజిటింగ్ స్కాలర్లంటారు. అతిథి పరిశోధకులనుకుందాం. చాలాచోట్ల వీరికి జీతం ఉండదు. కూర్చోవడానికి ఒక బల్ల, గ్రంథాలయం కార్డు, కొన్ని నెలల గడువు. ఈపాటి దానికోసం ఇల్లు వదలి అంతదూరం పోవడమెందుకన్న ప్రశ్న సహజమే. దానికి సమాధానం నాకు రాడ్‌క్లిఫ్ చరిత్రలో కనిపించింది.

రాడ్‌క్లిఫ్ అంటే అమెరికాలో హార్వర్డ్ పక్కనే ఉండిన మహిళా కళాశాల. పక్కనే అన్నమాటే గాని, హార్వర్డ్‌లోని లామాంట్ గ్రంథాలయం 1967 దాకా స్త్రీలను లోపలికి రానివ్వలేదు. 1960లో ఆ కళాశాల అధ్యక్షురాలైన మేరీ బంటింగ్ సూక్ష్మజీవశాస్త్రవేత్త. భర్త మరణించాక నలుగురు పిల్లలను పెంచిన తల్లి. చదువుకున్న స్త్రీలు పెళ్ళి తరువాత కనుమరుగవడానికి కారణం వారి అశక్తత కాదనీ, వారినుంచి ఎవరూ ఏమీ ఆశించకపోవడమేననీ ఆమె గ్రహించారు. అటువంటివారి కోసం 1961లో ఒక సంస్థ ప్రారంభమైంది. ఏడాదికి మూడువేల డాలర్ల వరకు భృతి, పనిచేసుకోవడానికి గది, గ్రంథాలయ ప్రవేశం. అర్హత డాక్టరేటు, లేదా కళలలో దానికి సమానమైన కృషి.

నన్ను ఆకట్టుకున్నది ఆ "సమానమైన" అన్న మాటే. హైస్కూలు చదువైనా పూర్తికాని టిల్లీ ఓల్సెన్ 1962లో ఆ తలుపులోంచే వచ్చింది. కూలికి పనిచేస్తూ నలుగురు ఆడపిల్లలను పెంచిన రచయిత్రి ఆమె. రచయితలు, ముఖ్యంగా స్త్రీలు, రాయకుండా మిగిలిపోయిన సంవత్సరాల గురించి 1963లో అక్కడ ప్రసంగించింది. అదే క్రమంగా పెరిగి 1978లో 'సైలెన్సెస్' అనే పుస్తకమైంది. 1971లో వచ్చిన ఆలిస్ వాకర్, అక్షరాలు నేర్వడమే నేరమైన కాలంలో నల్లజాతి స్త్రీల సృజన ఎక్కడ దాగిందని వెతికింది. పొలంపనుల నడుమ తల్లి పెంచిన పూలతోటలో జవాబు పట్టుకుంది.

అయితే ఈ కథలో చిక్కు లేకపోలేదు. ఆ భృతితో ఒక తల్లి ఆయాను పెట్టుకోగలిగింది. మరి ఆ ఆయా బిడ్డను ఎవరు చూసుకున్నారు? తీరిక ఎప్పుడూ ఎవరో ఒకరి శ్రమ మీద నిలబడుతుంది. భృతి లేని బల్ల, ఇంట్లో ఆధారం ఉన్నవారికే అందుతుంది. కేవలం ఆహ్వానపత్రంతో సరిపెట్టే విశ్వవిద్యాలయాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఓల్సెన్ ప్రేరణతో ఫెమినిస్ట్ ప్రెస్ 1972లో రెబెకా హార్డింగ్ డేవిస్ మరుగునపడిన రచనను తిరిగి అచ్చువేసింది. అదే ప్రచురణ సంస్థ 1991, 1993లలో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో రెండు సంపుటాల 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా'ను వెలువరించింది. హైదరాబాదు నుంచి సాగిన ఆ కృషిలో మన భండారు అచ్చమాంబ కూడా చోటు చేసుకుంది.

అచ్చమాంబ బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే, ఆ చదువు పక్కన కూర్చుని నేర్చుకుంది. బిడ్డలను పోగొట్టుకున్న దుఃఖంలోనే పూర్వస్త్రీల జీవితాలను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించింది. ఆమెకు ఏ విశ్వవిద్యాలయమూ బల్ల వేయలేదు, భృతి ఇవ్వలేదు. ఆమె చేసినది పరిశోధన కాదనగలమా? బంటింగ్ వాడిన ఆ ఒక్క మాట ఆనాడు మనకు కూడా ఉండి ఉంటే, ఇంకెందరు అచ్చమాంబలు రాసి ఉండేవారో!