ఆదివారం మీల్‌మేకర్ కూర

మా ఇంట్లో ఆదివారమంటే మాంసం కూరే. ఆమధ్య మావారికి రెండు నెలలు జీతం రాలేదు. అమ్మాయి ఫీజు గడువు దగ్గరపడింది. అర కిలో మటన్‌కి నాలుగు వందల పైమాటే! సరుకుల చీటీలో మటన్ కొట్టేసి, మీల్‌మేకర్ అని రాశాను.

మొదటిసారి ఉడకబెట్టి అలాగే కూరలో వేసేశాను. ఒకటే వాసన! మావాడు కంచం ముందునుంచి లేచిపోయాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మరుసటి వారం అత్తయ్యగారే వంటింట్లోకి వచ్చారు. మీల్‌మేకర్‌ని ఉప్పు వేసిన మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, చన్నీళ్ళలో రెండుసార్లు కడిగి గట్టిగా పిండేశారు. పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి అరగంట పక్కన పెట్టారు. "గసగసాలు ప్రియం కదమ్మా, పల్లీలు వేయించు" అన్నారు. వాటిని ఎండుకొబ్బరితో నూరి, ధనియాలపొడి వేసి మాంసం కూరలాగే వండాం. మావాడు మారు వడ్డించుకున్నాడు!

నూనె తీసిన సోయాపిండితో చేసే ఈ ఎండు మీల్‌మేకర్‌లో బరువుకి సగం దాకా మాంసకృత్తులే. వంద గ్రాములు నానితే మా నలుగురికీ సరిపోతుంది.

జీతం వచ్చింది. అయినా ఇప్పుడు మటన్ నెలకొక్కసారే. మిగిలిన డబ్బు అమ్మాయి పేర పోస్టాఫీసులో వేస్తున్నాను. మీరూ ఓ ఆదివారం చేసి చూడండి. పిండడం మాత్రం మరిచిపోకండేం!