అది నోటిపూత కాదు

సంక్రాంతి వెళ్ళాక నోరు పూసింది. వేడి చేసిందన్నారు. నేనూ అదే అనుకున్నాను. బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకున్నాను, మజ్జిగ తాగాను, నోట్లో నెయ్యి రాసుకున్నాను. తగ్గలేదు. శివరాత్రికి కారం ముట్టలేకపోయాను. ఉగాదికి ఉత్త అన్నం కూడా గొంతు దిగలేదు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ మీది పొర బ్రష్షుతో పాటు ఊడి వచ్చేది. ఒక డాక్టరు పుక్కిలించే మందు ఇచ్చారు. ఇంకొకరు ఫంగస్ అన్నారు.

ఉగాది దాటాక తలలో ఒక పుండు లేచింది. తర్వాత వీపు మీద, రొమ్ముల కింద నీటి బొబ్బలు వచ్చాయి. పల్చగా, వదులుగా ఉండేవి. చీర అంచు తగిలినా చితికేవి. చితికిన చోట పచ్చి పుండు పడేది. అది మానకపోగా అంచుల నుంచి పెరిగేది. అమ్మవారు పోసిందని వీధిలో అన్నారు. మా అత్తగారు గుమ్మానికి వేపాకు కట్టారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నాకు మాత్రం ఏం తెలుసు? కానీ నేను పాఠాలు చెప్పే బళ్ళో నా కుర్చీ దూరంగా జరిపారు. అది మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

మే నెల ఎండల్లో గుంటూరు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల వార్డులో చేర్చారు. డాక్టరమ్మ బొబ్బ పక్కన బాగున్న చర్మం మీద బొటనవేలు పెట్టి నొక్కి పక్కకి జరిపారు. పై పొర జరిగి వచ్చింది. దీన్ని నికోల్‌స్కీ గుర్తు అంటారని పక్కనున్న కుర్ర డాక్టర్లకు చెప్పారు. నాకు నొప్పి కంటే భయం ఎక్కువ వేసింది. ఒళ్ళంతా ఇలాగే ఊడిపోతుందా అని ఏడ్చాను. ఆవిడ ఏ హామీ ఇవ్వలేదు. "ముందు ముక్క పరీక్ష చేద్దామమ్మా" అన్నారు.

రెండు ముక్కలు తీశారు. ఒకటి అప్పుడే లేచిన చిన్న బొబ్బ అంచు నుంచి తీసి ఫార్మాలిన్‌లో వేశారు. రెండోది బొబ్బ పక్కనున్న మంచి చర్మం నుంచి తీసి వేరే ద్రవంలో పెట్టారు. బాగున్న చోట ఎందుకు కోస్తున్నారని అడిగాను. యాంటీబాడీలు ఎక్కడ పట్టుకున్నాయో అక్కడే సరిగ్గా తెలుస్తుందట. పుండులో అవి చెదిరిపోతాయట.

పెంఫిగస్ వల్గారిస్ అని తేలింది. డాక్టరమ్మ నా కేసుషీటు వెనక బొమ్మ గీసి చెప్పారు. పై చర్మంలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్లు ఉంటాయి. నా రక్తమే వాటి మీదికి యాంటీబాడీలను పంపుతోంది. ఇటుకల మధ్య సున్నం రాలినట్టు కణాలు విడిపోతాయి, ఆ సందులో నీరు చేరుతుంది. నోటిలో డెస్మోగ్లీన్ 3 మీద ఆధారం ఎక్కువ కాబట్టి చాలామందికి నోరే ముందు పూస్తుంది. డెస్మోగ్లీన్ 1 మీద కూడా దాడి మొదలైతే ఒంటి మీదికి వస్తుంది. రెండో ముక్కలో యాంటీబాడీలు పట్టుకున్న చోట, అంటే కణం కణం చుట్టూ, ఆకుపచ్చ వెలుగు కనబడిందని రిపోర్టులో రాశారు. పై కణాలు విడిపోయినా అట్టడుగు కణాలు మాత్రం కింది పొరని వదలకుండా వరుసగా నిలబడతాయి. వాటిని సమాధి రాళ్ళ వరుస అంటారని ఫోన్లో చదివాను. ఆ రాత్రి నిద్రపోలేదు.

పక్క మంచం మామ్మగారికీ బొబ్బలే. కానీ ఆవిడవి బిగుతుగా ఉండేవి, అంత తేలిగ్గా పగిలేవి కావు. విపరీతమైన దురద. నోరు శుభ్రంగా ఉంది. ఆవిడది బుల్లస్ పెంఫిగాయిడ్. అందులో పై చర్మం మొత్తం అడుగు నుంచి లేస్తుంది, అందుకే బొబ్బ పైకప్పు మందం. ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళకు వస్తుందట.

నాకు ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మొదలుపెట్టారు. షుగర్ పెరిగింది, మొహం ఉబ్బింది. దుప్పటి ఒంటికి అతుక్కుపోతుంటే అరటాకులు పరిచి పడుకోబెట్టారు. రోజూ పర్మాంగనేట్ నీళ్ళతో పుళ్ళు కడిగేవారు. నా దగ్గర వాసన వచ్చేది. మా అబ్బాయి గుమ్మం దగ్గరే నిలబడితే నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఒక రాత్రి చలి జ్వరం వచ్చింది. ఈ జబ్బులో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఇన్ఫెక్షనేనని అప్పటికే విన్నాను. పోతాననుకున్నాను. మా ఆయన చెయ్యి వదల్లేదు.

స్టిరాయిడ్లు రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చనిపోయేవారని డాక్టరమ్మ చెప్పారు. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రిచా స్టిరాయిడ్‌ను పెద్ద మోతాదులో విడతలుగా ఎక్కించే పల్స్ పద్ధతి తెచ్చాక మన దేశంలో చాలామంది బతికారన్నారు. నాకు రిటుక్సిమాబ్ ఎక్కించారు. అమెరికాలో 2018లో ఈ జబ్బుకి అనుమతి వచ్చిన మందు అది. ముందుగా హెపటైటిస్ బి, టీబీ పరీక్షలు చేశారు.

ఆ ఇంజెక్షన్ల కోసం నా ఆడపడుచు తన గాజులు తాకట్టు పెట్టింది. నాకు స్నానం చేయించిందీ, నోట్లో చల్లటి రాగిజావ చెంచాతో పోసిందీ తనే. పట్టీ తీసేముందు సెలైన్‌తో బాగా నానబెట్టి, పుండు రేగకుండా తీసిన నైట్ డ్యూటీ సిస్టరుకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

దసరాకి ఒంటి మీద పుళ్ళు మానాయి. నోరు ఆఖరున మానింది. మచ్చలు నల్లగా ఉన్నాయి. స్టిరాయిడ్ మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. నాలుకకి ఏది గరుకుగా తగిలినా టార్చి పట్టుకుని అద్దం దగ్గరికి వెళ్తాను.

నోటిపుండు మూడు వారాలు దాటినా మానకపోతే ముక్క పరీక్ష చేయాలేమో డాక్టరుని మీరే అడగండి. స్టిరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ఇది అంటుజబ్బు కాదు. మీకు తెలిసినవాళ్ళకి ఎవరికైనా వస్తే వాళ్ళింటికి వెళ్ళండి, పక్కన కూర్చోండి.