కట్టమంచివారి కొలువు

మన విశ్వవిద్యాలయాలకు ఉపాధ్యక్షులుగా, అంటే వైస్ ఛాన్సలర్లుగా, పనిచేసిన పెద్దలు ఎందరో ఉన్నారు. వారిలో కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు వినగానే నాకు రెండు సంగతులు గుర్తుకు వస్తాయి. ఒకటి, ఆయన ఆ పదవిలో చాలాకాలం ఉన్నారు. రెండవది, ఆ పదవిని ఒకసారి గడ్డిపోచలా వదిలివేశారు.

రెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు దగ్గరి కట్టమంచిలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివే రోజుల్లోనే 'ముసలమ్మ మరణము' అనే కావ్యం రాశారు. గండిపడబోయే చెరువును కాపాడడానికి ప్రాణమిచ్చిన ఒక ఇల్లాలి కథ అది. ఆ చెరువు ఎక్కడో లేదు. పావగడకు పొరుగునున్న అనంతపురం జిల్లాలోని బుక్కరాయసముద్రంలో ఉంది. కరవుసీమలో చెరువు విలువ ఎంతో మనకు వేరే చెప్పనక్కరలేదు.

కేంబ్రిడ్జిలో ఉన్నత విద్య ముగించి, బరోడాలో కొంతకాలం పనిచేసి, రెడ్డిగారు మైసూరు సంస్థానానికి వచ్చారు. మహారాజా కళాశాలలో బోధించారు. 'కవిత్వతత్త్వ విచారము' అనే విమర్శగ్రంథం 1914లో వెలువడింది. మైసూరు విశ్వవిద్యాలయం 1916లో ఏర్పడకముందు విదేశాల విద్యాలయాల తీరును పరిశీలించి వచ్చినవారిలో ఆయన ఒకరు. తరువాత సంస్థానంలో విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. పావగడ తాలూకా అప్పుడు మైసూరు సంస్థానంలోనిదే. అంటే మన ఊళ్ళ బడులు కూడా ఒకప్పుడు ఆయన అజమాయిషీలో నడిచినవే.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో ప్రారంభమైంది. దానికి తొలి ఉపాధ్యక్షులు రెడ్డిగారే. 1930లో విశ్వవిద్యాలయం వాల్తేరుకు చేరింది. అదే సంవత్సరం దేశమంతటా ఉప్పు సత్యాగ్రహం సాగింది. సత్యాగ్రహులపై ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆయన పదవికి రాజీనామా చేశారు.

పాఠ్యపుస్తకం పనిమీద తిరుమణి వెళ్ళినప్పుడు అక్కడి పిల్లలకు ఈ సంగతి చెప్పాను. ఆ పిల్లలు ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం ఒకే సులువుతో మాట్లాడతారు. ఒక అమ్మాయి లేచి, "ఆయన వదిలేస్తే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు కదా సార్! వదిలేసి ఏం సాధించినట్టు?" అని అడిగింది.

మంచి ప్రశ్న. నిజమే, ఇంకొకరు వచ్చారు. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ బాధ్యతను వహించారు. రాజీనామా వల్ల లాఠీలు ఆగలేదు. అయితే ఒక మాట. జీతం కోసం, గౌరవం కోసం నోరు మూసుకోనక్కరలేదని వేలమంది విద్యార్థులకు ఒక అధికారి చేసి చూపించారు. అది ఏ తరగతిలోనూ చెప్పని పాఠం. రెడ్డిగారు తరువాతి కాలంలో అదే ప్రభుత్వం ఇచ్చిన 'సర్' బిరుదును పుచ్చుకున్నారు. ఈ రెండూ ఎలా పొసగుతాయని ఎవరైనా అడిగితే, అడగనివ్వాలి. పెద్దల జీవితాలు పూజించడానికే కాదు, ఆలోచించడానికి కూడా.

1936లో ఆయన మళ్ళీ ఆ పదవికి వచ్చారు. 1949 వరకు, పదమూడేళ్ళు అందులోనే ఉన్నారు. ఆ కాలం సుఖంగా సాగినది కాదు. రెండవ ప్రపంచయుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నంపై బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక తిరిగి వాల్తేరు చేరింది. విద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చి ఆదుకున్న దాత జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు. 1936లో జయపురం ఒరిస్సాలో కలిసింది. ఆయన పేరును మాత్రం వాల్తేరులోని సైన్సు కళాశాలకు పెట్టారు.

వాల్తేరు కొలువు ముగిసిన తరువాత రెడ్డిగారు 1949లో మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా వచ్చారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. పెళ్ళి చేసుకోలేదు. చదువే ఆయన సంసారం.

తెలుగు చదివితే మన దారి ఇరుకవుతుందేమోనని సరిహద్దు పల్లెల్లో కొందరు తల్లిదండ్రులు దిగులుపడుతుంటారు. నాతోనూ ఆ మాట అన్నారు. తెలుగులో కావ్యం రాసిన చేత్తోనే కన్నడసీమ విద్యకు సేవచేసిన రెడ్డిగారిని వారికి చూపించాలని నాకు అనిపిస్తుంది. ఇంటి భాషను గట్టిగా పట్టుకున్నవాడికి పొరుగు భాష పరాయిది కాదు. మీలో ఎవరు రేపు ఏ కొలువులో చేరుతారో ఇప్పుడే చెప్పలేము. చేరిననాడు, కుర్చీ గట్టిదా అని కాక, అందులో కూర్చొని చేసే పని గట్టిదా అని చూసుకోండి.